ఇంతకంటే శాంతమైన ముఖం

లహరి నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు. వారమంతా అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డకు వస్తుంది. తండ్రి మద్దిలేటి విగ్రహాలు చెక్కుతాడు. కడపకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఎక్కడినుంచి ఏ ఇంగ్లీషు ముక్క వచ్చినా ఆయనకు చదివి చెప్పేది లహరే. ఫోనే తెలుగులోకి మార్చి పెడుతుందని పనివాళ్లు చెబితే, "ఇంట్లో ఇంగ్లీషు టీచరును పెట్టుకోని ఫోన్నెందుకు అడగాలప్పా" అనేవాడు మద్దిలేటి. ఆ మాట అనడం ఆయనకు ఇష్టం. వినడం లహరికి ఇంకా ఇష్టం.

ఆ ఏడాది ఆయన చేతిలో ఉన్న పెద్ద పని గంగమ్మ విగ్రహం. చేయించుకుంటున్నది దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు. చెరకు తోటల్లో కూలికని తాతల తాతల కాలంలో ఓడలెక్కి పోయినవాళ్ల సంతతి. ఇంటిపేర్లు మిగిలాయి, జాతరలు మిగిలాయి, భాష మాత్రం పోయింది. వాళ్ల గుడి కమిటీ కార్యదర్శి సరస్ నాయుడు అనే పెద్దావిడ. పని మొదలుపెట్టక ముందు ఒకసారి వీడియో కాల్ చేసి ఆమె చాలాసేపు మాట్లాడింది. ఓడెక్కేటప్పుడు తమ ముత్తవ్వ కొంగు చివర పసుపు ముద్ద కట్టుకుని, దాన్నే గంగమ్మ అనుకుని పోయిందట. దారిలో బిడ్డకు జ్వరం వస్తే ఆ పసుపే నుదుటికి పెట్టిందట. లహరి అదంతా తెలుగులో చెబుతూ ఉంటే మద్దిలేటి ఉలి పక్కన పెట్టి విన్నాడు.

మామూలుగా గంగమ్మంటే మిడిగుడ్లు, కోరలు, చూస్తే చేతులు వాటంతట అవే జోడించుకునే ముఖం. మద్దిలేటి అలాంటివి చాలా చేశాడు. ఈసారి మాత్రం కాగితం మీద గీసుకున్న కోరలను తుడిచేశాడు.

"బిడ్డల్ని సంకనేసుకోని సముద్రం దాటినోళ్లకు తోడు పోయిన తల్లి. ఆయమ్మకు కోరలెందుకు పాపా" అన్నాడు.

నల్లరాతిలో ముఖం తేలేసరికి షెడ్డులో పనివాళ్లు కూడా ఆగి ఆగి చూశారు. పొద్దు గూకుతుంటే గడప దగ్గర నిలబడి, అన్నానికి రమ్మని పిల్లల్ని పిలవబోతున్న మనిషి ముఖంలా ఉంది. పెదవులు ఇంకా విచ్చుకోలేదు, పిలుపు లోపలే ఉంది. మద్దిలేటి భార్య జయలక్ష్మి అన్నం క్యారియరు తెచ్చి, దాన్ని చేతిలో పట్టుకునే కాసేపు నిలబడిపోయింది.

ఫోటోలు తీసి లహరే పంపింది. జవాబు ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో అందరూ భోజనాల దగ్గర ఉండగా వచ్చింది.

"ఏమంటాండారు?" అన్నాడు మద్దిలేటి.

లహరి మనసులో ఒకసారి చదువుకుంది. మూడే వాక్యాలు. కమిటీ ఫోటోలు చూసింది. తర్వాతిది, 'వీ కుడ్ నాట్ హావ్ ఆస్క్‌డ్ ఫర్ ఎ జెంట్లర్ ఫేస్.' చివరిది, దయచేసి కానిచ్చి ముగించండి. రెండో వాక్యం దగ్గర ఆమె ఆగింది. ఆస్క్‌డ్ అంటే అడగడం. నాట్ ఉంది కాబట్టి అడగలేదు. మరి మధ్యలో ఆ 'కుడ్' ఎందుకు? మర్యాదకు. వుడ్, కుడ్ అనే మాటలు మాటకు మెత్తదనం తెస్తాయని ఆమే తరగతిలో చెబుతుంది. నచ్చలేదని ముఖాన చెప్పలేక ఆ పెద్దావిడ ఇలా రాసిందన్నమాట.

"నాయనా, వాళ్లు..." అని ఆగి, "ఇంత శాంతమైన ముఖం మేం అడగలేదు, అంటాండారు" అంది.

మద్దిలేటి ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "అట్లనే ఉందా?"

"అట్లనే ఉంది. మర్యాదగా రాసినారు. సరిచేసి ముగించమంటాండారు."

"బాగుండె గదా ముఖం" అంది జయలక్ష్మి.

"మనకు బాగుంటే సరిపోతుందా. అమ్మవారు వాళ్లది" అన్నాడు మద్దిలేటి. ఆ తర్వాత అన్నం తినలేదు, కంచంలోనే చెయ్యి కడిగేశాడు.

ఇంకొకసారి వాళ్లనే అడుగుదామా అని లహరి అనకపోలేదు. ఆయన వద్దన్నాడు. "ఒగసారి మర్యాదగా చెప్పినారు. మల్లా అడిగి బాగలేదని వాళ్ల నోటితో అనిపించాల్నా?" అన్నాడు. అందుకని లహరి, అలాగే మేడం, చేయాల్సింది చేస్తాం అని ఇంగ్లీషులో రాసి పంపింది. అవతలినుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. వాళ్లు పాలిష్ చేసి పెట్టెలో పెట్టడం గురించి అనుకుంటున్నారని ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

సోమవారం లహరి నంద్యాలకు వెళ్లిపోయింది. వారం మధ్యలో తల్లి ఫోన్ చేసింది. "మీ నాయన పని ముట్టుకోల్యా. దాని ఎదురుగా స్టూలేసుకోని కూచుంటాండాడు. ఏమంటే ఏం ల్యాదంటాడు" అంది. లహరికి బాధేసింది. నచ్చలేదన్న మాట కాస్త తగ్గించి చెప్పాల్సిందేమో అనుకుంది తప్ప, చదివిన మాట గురించి ఆలోచించలేదు.

ఆ తర్వాతి రోజు స్టాఫ్‌రూంలో ఎజ్రా సార్ దగ్గర ఆ విషయం కదిలించింది. ఎజ్రా ఆ స్కూల్లో అందరికంటే పాత ఇంగ్లీషు టీచరు. ఆదివారాల్లో చర్చికి బయటినుంచి ఎవరైనా వచ్చి ఇంగ్లీషులో దేవుని వాక్యం చెబితే, పక్కన నిలబడి తెలుగులో చెప్పేది కూడా ఆయనే.

"బయటోళ్లు నచ్చలేదనేది కూడా తీపి పూసి చెప్తారు సార్" అంది లహరి. "మా నాయన అన్నం మానేసినాడు."

"ఏమని రాసినారు?"

ఆమె ఫోన్ ఇచ్చింది. ఎజ్రా చదివాడు. వేలితో తెరను కొంచెం పైకి జరిపి మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ నాయనకు దీన్ని నువ్వేమని చెప్పినావు మా?"

ఆమె చెప్పింది.

"మా ఆవిడ మేరీ ఇంట్లో బిర్యానీ చేస్తే వచ్చినోళ్లు తిని ఏమంటారు? ఇంతకంటే ఏం కావాల, అంటారు. అంటే ఇంకేదో కావాలనా? చాలదనా?" ఆయన గొంతు తగ్గించాడు. "ఇదీ అంతే మా. మేం అడగలేదని కాదు. ఇంతకంటే శాంతమైన ముఖం అడుగుదామన్నా ఉండదు అని. మెచ్చుకోవాలంటే దీని పైన ఇంగ్లీషులో ఇంగ మాట ల్యాదు."

లహరి ఫోన్ తీసుకుని ఆ వాక్యం చూసింది. అవే మాటలు. ఒక్క అక్షరం మారలేదు. ఇన్నాళ్లూ తలుపు మూసి ఉందనుకున్న ఇల్లు బార్లా తెరిచి ఉన్నట్టు కనిపించింది. దీన్ని తెలుగులో తను వందసార్లు అని ఉంటుంది. ఇంతకంటే ఏం కావాల. ఇంగ్లీషులో వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయింది.

తండ్రికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. గ్రైండరు నడుస్తుంటే ఆయనకు ఫోన్ వినపడదు. ఇప్పుడు గ్రైండరే నడుస్తోందేమో. తల్లికి చేసింది.

"అమ్మా, నాయన యాడ ఉండాడు?"

"షెడ్డు కాడ. ఈ పొద్దు తెల్లార్తోనే పోయినాడు. ఏందీ, గొంతు అట్లుంది?"

"నువ్వు బేగా పోయి పని ఆపమని చెప్పు. ముఖం ముట్టుకోవద్దని చెప్పు. నేను వస్తాండా."

ఎజ్రా సార్ ఆమె క్లాసు తను చూసుకుంటానన్నాడు. లహరి బస్టాండుకు పరుగులాంటి నడక నడిచింది. ఆళ్లగడ్డ బస్సు కదలబోతుంటే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంది. మిరప చేలు, పత్తి చేలు పోతున్నాయి. ఊళ్లు వచ్చినచోటల్లా బస్సు ఆగుతోంది, జనం తీరిగ్గా ఎక్కుతున్నారు. ఎవరో ఆమెను జరగమంటే రెండోసారి అన్నాక గాని వినబడలేదు. సగం దారిలో ఫోన్ మోగింది.

"పోయినా పాపా" అంది జయలక్ష్మి.

"ఆపినాడా?"

వెనక రోడ్డు మీద లారీల చప్పుడు వినిపిస్తోంది.

"నువ్వు రా" అంది తల్లి.

షెడ్డులోకి పోయేసరికి మద్దిలేటి తొట్టి దగ్గర మోచేతుల దాకా దుమ్ము కడుక్కుంటున్నాడు. జయలక్ష్మి రాతి దిమ్మ మీద కూర్చుని ఉంది. ఏం జరిగిందో ఆమెకూ తెలియదు, కూతురు పని ఆపమందని మాత్రం చెప్పింది. అప్పటికే పని అయిపోయింది.

లహరి విగ్రహం ముందుకు వెళ్లింది. కనుబొమలు పైకి లేచి ముడిపడ్డాయి. కళ్ల కొసలు లోతుగా తెగాయి. మూసి ఉన్న పెదవులు ఇప్పుడు తెరుచుకున్నాయి, వాటి మధ్య నుంచి రెండు కోరలు కిందికి దిగాయి. పనిలో ఎక్కడా వంక లేదు. చూస్తే భయమేసే ముఖం. గడప దగ్గర నిలబడి పిల్లల్ని పిలవబోయిన మనిషి అందులో ఎక్కడా లేదు.

"స్కూల్ ల్యాదా?" అన్నాడు మద్దిలేటి తుండుతో చేతులు తుడుచుకుంటూ.

"నాయనా, నేను తప్పు సదివినా."

"ఏందీ?"

"ఆ మెసేజు. వాళ్లు వద్దనల్యా. ఇంతకంటే శాంతమైన ముఖం అడగడానికే ల్యాదు అన్నారంట. మెచ్చుకోలంట అది. ఎజ్రా సార్ చెప్పినాడు."

మద్దిలేటి కూతురి వైపు చూడలేదు. రాయి వైపు చూశాడు.

"అంటే, నచ్చింది."

"నచ్చింది నాయనా."

"మొదట్నుంచీ నచ్చింది."

లహరి తలూపింది. ఆయన తడి తుండుతో విగ్రహం ముఖం మీది పొడి తుడిచాడు. బొటనవేలితో కింది పెదవిని మెల్లగా రాశాడు, ఇంకా ఏదైనా మిగిలిందేమో వెతుకుతున్నట్టు.

"రాయి మల్లా పెరగదు పాపా" అన్నాడు.

"అంత సదువు సదివి, పదిమందికి చెప్పేదానివి..." అని జయలక్ష్మి మొదలుపెట్టింది.

"ఊరుకో" అన్నాడాయన. "సుత్తె ఆయమ్మి చేతిలో ల్యాదు, నా చేతిలో ఉండె. నాకు నచ్చిన ముఖమే అది. ఎవురో వద్దన్నారంటానే కొట్టేసినా. ఒగ మాట అడిగింటే నా నోరేమన్నా పోతుండెనా?"

ఆయన తిట్టి ఉంటే లహరి తట్టుకునేది.

మరునాడు పొద్దున కమిటీకి రాయడానికి కూర్చుంది. రాసింది తండ్రికి వినిపించింది. సమాచారంలో జరిగిన ఏదో పొరపాటు వల్ల ముఖం మార్చబడింది, అని దాని అర్థం. స్కూల్లో తల్లిదండ్రులకు ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే ఇలాగే రాస్తారు.

"ముఖం దానంతట అదే మారెనా?" అన్నాడు మద్దిలేటి.

"అట్లని కాదు నాయనా. అట్లా రాస్తారు."

"ఎవురు రాస్తారో నాకు తెల్దు. పొరపాటు జరిగింది అంటాండావు. పొరపాటుకు కాళ్లుండాయా, నడుచుకుంటూ వచ్చిందా? వాళ్లు నిజం రాసిరి, మనకే అర్థం గాల్యా. మనం రాసేదన్నా అర్థమయ్యేటట్టు రాయి."

లహరి చెరిపేసింది. ఏ మాట పెట్టినా దాని వెనుక దాక్కోవడానికి కొంచెం చోటు కనిపిస్తోంది. విచారిస్తున్నాం అనవచ్చు, చింతిస్తున్నాం అనవచ్చు. చివరకు చిన్న పిల్లలకు నేర్పే వాక్యాల్లాంటివి రాసింది. మీ వాక్యం నాకు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను. మీకు ముఖం నచ్చలేదని మా నాన్నకు చెప్పాను. ఆయన నా మాట నమ్మి ముఖం మార్చాడు. తప్పు నాది. కొత్త ముఖం ఫోటో దాని కింద పెట్టింది. తండ్రి మరొకటి చేర్చమన్నాడు, ఒప్పుకుంటే వేరే రాయి తీసుకుని మళ్లీ మొదటినుంచి చేస్తానని.

జవాబు వెంటనే రాలేదు. వచ్చిన రోజు లహరి దాన్ని తెరవకుండా స్టాఫ్‌రూంకు తీసుకుపోయి ఎజ్రా సార్ చేతిలో పెట్టింది. ఆయన మెల్లగా చదివి చెప్పాడు. వాళ్ల గుండె పగిలింది. ముసలివాళ్లు ఆ పాత ఫోటోను ఫోన్లలో పెట్టుకుని దండం పెట్టుకుంటున్నారు. కుంభాభిషేకం అనుకున్న తేదీ దాటిపోతుంది. అయినా ఆగుతారు.

"కోపంగా ఉండారా సార్?"

"కోపం కాదు మా. బాధ" అన్నాడు ఎజ్రా. ఆయన చెప్పాక కూడా లహరి దాన్ని రెండుసార్లు చదివింది, ఆయనా పొరబడ్డాడేమోనని.

ఆ తర్వాత తరగతి గదిలో ఆమెకు పాత ధైర్యం రాలేదు. ఏ పిల్లో లేచి ఏదైనా మాటకు అర్థం అడిగితే ఇదివరకు టక్కున చెప్పేది. ఇప్పుడు తెలీదు, రేపు చెబుతా అంటోంది. సులువైన వాక్యం దగ్గర కూడా సుద్ద పట్టుకుని నిలబడిపోతోంది. కరెస్పాండెంటు పిలిపించాడు. "తెల్దు అనే మాట టీచరు నోట్లోంచి రాగూడదమ్మా. ఫీజులు కట్టేటోళ్లు అడుగుతాండారు" అన్నాడు. ఆమె సరే సార్ అంది. మరుసటి పీరియడ్లో మళ్లీ అదే అంది.

ఇంకొకటి ఆమెను లోలోపల తొలిచింది. తండ్రి ఇంగ్లీషు ముక్కలు ఆమెకు పంపడం మానేశాడు. కొత్త పనులు రాలేదేమో అనుకుంది మొదట. ఒకరోజు ఎజ్రా సార్ మాటల మధ్య, "నిన్న మీ నాయన పంపిన హైదరాబాదోళ్ల మెయిలు..." అని, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "నువ్వు దిగులుగా ఉండావని నాకు పంపిస్తాండాడేమో మా" అన్నాడు. లహరి అవును సార్ అంది. ఆ శనివారం ఇంటికి వెళ్లినప్పుడు ఆ సంగతి ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

కోరల గంగమ్మను సంజామల వైపు ఒక ఊరివాళ్లు వచ్చి చూశారు. ఇంత ఉగ్రం ఈ మధ్య ఎవరి చేతిలోనూ చూడలేదని, తమకే కావాలని పట్టుబట్టారు. ట్రాక్టరు మీద వరిగడ్డి పరిచి, డప్పులు కొట్టుకుంటూ తీసుకుపోయారు. జయలక్ష్మి ట్రాక్టరుకు ఎదురుగా నిలబడి హారతి ఇచ్చింది. మద్దిలేటి షెడ్డులోంచి బయటికి రాలేదు.

రెండో రాయి మంచిది. ఒళ్లూ చేతులూ పీఠమూ మొదటిదాని కంటే బాగా వచ్చాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికి పని నడవలేదు. పాత ఫోటోను పెద్దది చేయించి ఎదురుగా తగిలించుకున్నాడు. కొలతలన్నీ కుదిరాయి. కళ్లు అవే, ముక్కు అదే. అయినా ఆ పిలుపు పెదవుల వెనక్కి చేరలేదు.

"మొదటిది చేసేటప్పుడు ఏం చేస్తాండానో నాకే తెల్దు పాపా" అన్నాడొక ఆదివారం. "ఇప్పుడు తెలుసు. అదే వచ్చిన కష్టం."

లహరి నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టి నిలబడింది.

ఇక ముట్టుకుంటే చెడుతుందని ఒక రోజు ఆయనే ఉలి దించాడు. పెట్టె కట్టారు. విగ్రహం చెన్నైలో ఓడెక్కింది. చేరడానికి చాలా రోజులు పట్టింది.

జవాబు వచ్చినప్పుడు లహరి ఇంట్లోనే ఉంది. మద్దిలేటి షెడ్డు నుంచి మధ్యలోనే వచ్చి, ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

"వచ్చింది. సదువు."

"ఎజ్రా సార్‌కు పంపిద్దాం నాయనా."

"వద్దు. నువ్వు సదువు."

ఆమె చదివింది. మొదటి వాక్యంలో ఇబ్బంది లేదు, అమ్మవారు క్షేమంగా చేరింది. రెండోది చదివి ఆగింది. మళ్లీ మొదటినుంచి, ఒక్కొక్క మాటా విడదీసి చదివింది. ఈసారి కూడా పైకి ఒకటి కనిపించి లోపల మరొకటి ఉందేమోనని వెతికింది. మెచ్చుకోలు ఎక్కడైనా దాగి ఉంటే బాగుండునని వెతికింది. ఏమీ లేదు. ఆ వాక్యం ఎంత చెబుతోందో అంతే. దాన్ని కాస్త మెత్తగా తెలుగులో చెప్పడం ఆమెకు చేతనవును. ఒక మాట అటూ ఇటూ చేస్తే చాలు. ఎదురుగా తండ్రి ఇంకా దుమ్ము చేతులతోనే నిలబడి ఉన్నాడు.

"అమ్మవారు క్షేమంగా చేరింది" అంది. "మేం మనసు పడింది ఈ ముఖం కాదు. అయినా, ఈయమ్మకు ముందు ఎవురు నీళ్లు పోయాలని మా ముసలమ్మలు అప్పుడే కొట్లాడుకుంటాండారు."

మద్దిలేటి దుమ్ము చేతులు తుండుకు తుడుచుకున్నాడు.

"నడిమిది మెచ్చుకోలు గాదు గదా?"

"కాదు నాయనా."

"ఊ. పెట్టె కట్టేటప్పుడే నాకు తెలుసు." గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. జయలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆ ముసలోళ్ల మాట ఇంగొగసారి సదువు" అన్నాడు మద్దిలేటి.

లహరి ఫోన్ దగ్గరికి తెచ్చుకుని ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో, నిదానంగా చదివింది.